ఇంజను దించే ముందు



బండి ఉన్న సంఘ కాపరి ఇంటికి అర్ధరాత్రి ఫోను వచ్చిందంటే అది చాలావరకు ఆసుపత్రి ప్రయాణం గురించే. మొన్న డిసెంబరులో బషీరాబాద్ వైపు ఒక గ్రామం నుండి అలాంటి పిలుపే వచ్చింది. నిండు గర్భిణి, నొప్పులు మొదలయ్యాయి. లేచి వెళ్లి తాళం తిప్పాను. ఇంజను తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. సైలెన్సరు నుండి తెల్లని పొగ, పచ్చి డీజిల్ వాసన. పావుగంట గడిచేసరికి బ్యాటరీ కూడా దిగిపోయింది. చివరకు ఆ ఊరివారే ఆమెను ట్రాలీ ఆటోలో తాండూరుకు తెచ్చారు. తల్లీబిడ్డలు క్షేమమే. అయితే ఆ చలిలో గొంగడి కప్పుకొని ఆటో వెనుక కూర్చుండి వచ్చిన ఆమెను చూచినప్పుడు నాకు సిగ్గు వేసింది.

సిగ్గుకు కారణం ఉంది. రెండేళ్ల క్రితమే మా సంఘపు డీజిల్ కారు నూనె తాగడం మొదలుపెట్టింది. గుట్ట ఎక్కితే నీలపు పొగ వచ్చేది. నేను కమిటీని అడగకుండానే, తక్కువలో పోతుంది గదా అని, ఒక షెడ్డులో రింగులు మాత్రం మార్పించాను. 18 వేలయ్యాయి. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తరువాత మళ్లీ అదే పొగ. బోరు అరిగి గుండ్రదనం పోయిన చోట కొత్త రింగు వేస్తే అది గోడకు ఎలా ఆనుతుంది? ఈ మాట ఆనాడు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం ఆరాధన తరువాత కమిటీ కూర్చుంది. యువకులు హైదరాబాదు నుండి పాత ఇంజను తెచ్చి బిగించుదామన్నారు. రెండు రోజుల్లో పని అయిపోతుంది, 45 వేలు చాలన్నారు. పెద్దలు ఉన్న ఇంజనునే పూర్తిగా చేయించుదామన్నారు. ఒక పెద్దాయన అయితే బండినే అమ్మేయమన్నాడు. ఖర్చు చేయవలసినది కోత పండుగనాడు వచ్చిన కందుల సంచులు అమ్మిన డబ్బు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, ఒక్కొక్క సంచి వెనుక ఒక్కొక్క కుటుంబం ఎండలో వంగిన నడుము ఉంది. అందుకని ఆ 18 వేల సంగతి నేనే లేచి చెప్పుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పెద్దాయనే, "అయ్యగారూ, ఈసారి విప్పించక ముందు లెక్క చూపించండి" అన్నాడు.

వికారాబాద్‌లో నాకు తెలిసిన ఒక వృద్ధ మేస్త్రీ ఉన్నాడు. బండిని తాడు కట్టి అక్కడికి తీసుకొనిపోయాము. ఆయన పానా పట్టకముందే అరగంట ప్రశ్నలు వేశాడు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అదిమితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులో డీజిల్ చిమ్మగానే మండుతుంది. రింగుల పక్కనుండి గాలి జారిపోతే ఆ వేడి పుట్టదు, చలికాలపు తెల్లవారుజామున మరీ పుట్టదు. అయితే స్టార్టు కాని ప్రతి బండికీ ఇంజను పోయినట్లు కాదు. హీటరు ప్లగ్గులు కాలిపోయినా, నాజిళ్లు చెడినా, డీజిల్ గొట్టంలో గాలి చేరినా ఇదే లక్షణం కనబడుతుంది. అవి ముందు చూడాలి. ఖర్చు వేలల్లో కాదు, వందల్లో పోవచ్చు.

మా బండికి అవి బాగానే ఉన్నాయి. నూనె పోసే మూత తీస్తే పొగ గుప్పున కొట్టింది. నాజిల్ తీసిన రంధ్రంలో గేజి పెట్టి చూస్తే మూడు సిలిండర్లలో 340 పౌండ్లకు అటూ ఇటూ, నాలుగవదానిలో 220. మంచి ఇంజనులో 400 దగ్గర ఉంటుందట. తరువాత ఆయన చేసిన పని నాకు బహు నచ్చింది. ఆ సిలిండరులోకి కంప్రెసరుతో గాలి ఎక్కించి చెవి పెట్టి విన్నాడు. గాలి సైలెన్సరులోనో, గాలి ఫిల్టరు గొట్టంలోనో బుసకొడితే వాల్వుల తప్పు. రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. నూనె మూత దగ్గర వస్తే రింగులు, బోరు. మాది మూత దగ్గరే వచ్చింది.

అప్పుడు ఇంజను దించారు. బోరు గోడలమీద నిలువునా గీతలు. ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం అడుగున వ్రేలెడు పొడవు పగులు ఉంది, లోపల సుద్దలాంటి తెల్లని పొడి అంటుకొని ఉంది. తాండూరు నాపరాయి లారీలు తిరిగే దారులు మీకు తెలిసినవే. ఆ దుమ్మును ఫిల్టరు దాటకుండానే మూడేళ్లుగా మా ఇంజను మింగుతూ వచ్చింది. రింగులు మార్చినవారు ఆ గొట్టం చూడలేదు. ఈసారి పాత ఇంజను తెచ్చి బిగించినా అదే గొట్టానికి తగిలించేవాళ్లం!

లేతు దగ్గర కొలతలు తీశారు. బోరు 20 థౌ, అంటే అర మిల్లీమీటరు పెంచితే శుభ్రపడుతుంది. క్రాంకుకు 10 థౌ గ్రైండింగు చాలు. బ్లాకులో పగులు లేదు. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని, కూలితో కలిపి 74 వేలు. మరి పాత ఇంజను 45 వేలే గదా అని మీరు అడగవచ్చు. అది ఏ బండిదో, ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో అమ్మేవాని నోటి మాట తప్ప ఆధారం లేదు. కొనక ముందు స్టార్టు చేసి చూపించి, గేజి పెట్టనిస్తే అది వేరు సంగతి. యువకులు ఫోను చేసి అడిగినచోట అందుకు ఒప్పుకోలేదు. పైగా ఇంజను నంబరు మారితే ఆర్.సి.లో మార్పించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దీన్ని గూర్చినదే. కాగితం లేని ఇంజను దొంగ బండిదయితే పోలీసు స్టేషనుకు తిరగవలసినది కాపరే.

అయినా పాత ఇంజను ఎప్పుడూ తప్పని నేను అనను. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకును పొడిచినా, క్రాంకు అదివరకే 40 థౌ దాకా గ్రైండింగు అయి ఉన్నా, విడిభాగాలు దొరకకపోయినా వేరే ఇంజనే దారి. ఇక బండి అమ్మమన్న పెద్దాయన మాట కూడా ఊరికే తీసివేయదగినది కాదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషను అయిదేసి ఏళ్లకే పొడిగిస్తారు. మాకింకా మూడేళ్లకు పైగా గడువుంది, చాసిస్ తుప్పు పట్టలేదు. ఆరు నెలల్లో గడువు తీరేదయితే నేను ఆయన వైపే చేయి ఎత్తేవాడిని.

పని పన్నెండు రోజులు పట్టింది. మొదటి 1,000 కిలోమీటర్లు తొందరపెట్టవద్దని, బరువు లాగించవద్దని, అది కాగానే నూనె మార్చమని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి గుట్టమీద చిన్న గేరులో మెల్లగా పోతుంటే వెనుక లారీవాడు హారను కొట్టి కొట్టి విసిగిపోయాడు.

కొత్త రబ్బరు గొట్టానికి 380 రూపాయలయ్యాయి. శనివారం సాయంత్రం దాన్ని వ్రేళ్లతో తడిమి, ఫిల్టరు దులిపి, నూనె పుల్ల చూచి పుస్తకంలో వ్రాసే పని ఇప్పుడు యువజన సంఘంవారిది. పోయిన వారం ఒక పిల్లవాడు చూడకుండానే వ్రాశాడు. పుల్ల మీద దుమ్ము అలాగే ఉంటే అడిగాను, నవ్వి మళ్లీ వెళ్లి చూచి వచ్చాడు.