గ్రూపు ఫీజు 25 వేలు: కట్టాలా, వద్దా?



నిన్న పొద్దున్న మా అన్నయ్య కొడుకు చెరువు గట్టు మీదకొచ్చి ఫోన్ చూపించాడు. "బాబాయ్, మాస్టర్‌మైండ్ గ్రూపంట. ఏడాదికి 25 వేలు. ప్రతి ఆదివారం జూమ్‌లో మాట్లాడతారు, పెద్ద పెద్ద రైతులుంటారంట. చేరమంటావా?" అన్నాడు. వాడిది రెండెకరాల కౌలు చెరువు. ఆ 25 వేలు మేత కోసం వాళ్లావిడ గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బులోవి. అందుకే ఏదో ఒకటి అనేసి పంపలేకపోయాను. రాత్రంతా ఆలోచించి ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తా. మూడేళ్ల క్రితం నేనూ ఇలాంటి గ్రూపులో 9 వేలు కట్టాను. పేరు అనవసరం. ఒక ముసురు రాత్రి మూడింటికి చేప పైకి తేలి నోళ్లు తెరుస్తోంది. ఆక్సిజన్ పడిపోయింది. వణుక్కుంటూ గ్రూపులో వీడియో పెట్టాను. తొమ్మిదిన్నరకి జవాబొచ్చింది. ఏంటనుకున్నారు? ఒక మందు డబ్బా ఫొటో, కింద ధర! ఈలోపు పక్క చెరువాయన తన ఇంజను తెచ్చి నీళ్లు తిరగ్గొట్టబట్టి సగం పైన మిగిలింది. డీజిల్ డబ్బులిస్తానంటే కూడా ఆయన పుచ్చుకోలేదు.

అయితే ఆ 9 వేలు పూర్తిగా దండగ అనను. నెల్లూరు వైపు రైతు ఒకాయన తన లెక్క పుస్తకం ఫొటోలు పెట్టేవాడు. మేత ఎన్ని బస్తాలు, పిల్ల ఖర్చు ఎంత, కౌలు, కరెంటు, పట్టుబడిలో ఎన్ని టన్నులు, అన్నీ. మన ఊళ్లో ఇది ఎవరూ చెప్పరండి. టీ కొట్టు దగ్గర రాజకీయాలు గంటలు మాట్లాడతాం గానీ, కిలో చేపకి ఎంత మేత పడిందని అడిగితే నవ్వేసి ఊరుకుంటాం. దిష్టి తగులుతుందనో, కౌలు పెంచేస్తారనో. దూరం వాళ్ల ముందు ఆ భయం ఉండదు. డబ్బు కట్టి చేరడంలో నాకు కనిపించిన అసలు లాభం అదొక్కటే. ఆయన పుస్తకం చూశాకే నేనూ రాయడం మొదలెట్టాను. శీలావతి తినేదెంత, నీళ్లలో కుళ్లిపోయేదెంత అన్నది అప్పుడు తెలిసింది.

ఈ మాస్టర్‌మైండ్ అన్న మాట నెపోలియన్ హిల్ అనే అమెరికా రచయిత 1937లో వేసిన పుస్తకంతో బాగా పాకింది. అంతకు చాలా ముందే, 1727లో, ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొంతమందిని పోగేసి శుక్రవారం రాత్రులు కూర్చునేవాడు. అచ్చు పనివాళ్లు, అద్దాల పనాయన, చెప్పుల పనాయన. ఒకే ఊరివాళ్లు. మధ్యలో గురువుగారు లేరు.

అంత దూరం ఎందుకు, మన మొగల్తూరు చూడండి. వైట్ స్పాట్‌తో రొయ్య పోయి రైతులు నెత్తిన గుడ్డేసుకున్న రోజుల తర్వాత, 2002 ప్రాంతంలో ఎంపీఈడీఏ సాయంతో అక్కడి రైతులు క్లబ్బుగా కలిశారు. పిల్లని పరీక్ష చేయించి కలిసి కొనడం, అందరూ ఒకేసారి వెయ్యడం, జబ్బొచ్చిన చెరువు నీళ్లు చెప్పకుండా కాలవలోకి వదలకపోవడం. ఆ దారిలోనే 2007లో నాక్సా అనే సంస్థ పుట్టింది. నా చెరువులో నీళ్లు కాలవలోకి, కాలవలోంచి నీ చెరువులోకి వెళ్తాయి కదా. జూమ్‌లో ఉన్న పెద్ద రైతుకి ఆ కాలవతో పనేముంది?

మావాడికి ఒకటే చెప్పాను. ఆ గ్రూపు నడిపే ఆయనకి తిండి పెట్టేది చెరువా, మన ఫీజా, మందుల కమిషనా కనుక్కో. గ్రూపులోంచి బయటికొచ్చేసిన ఒక్కరి నంబరు అడుగు. ఇవ్వకపోతే అక్కడితో ఆపెయ్. సందేహాలకి ఉండిలో మత్స్య పరిశోధనా కేంద్రం ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులోనే మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు. (రాత్రి మూడింటికి వాళ్లూ ఎత్తరు, అది వేరే మాట.) పట్టుబడి అయ్యాక మిగిలిన డబ్బుతో చేరతానంటే నేను అడ్డు చెప్పను. గొలుసు డబ్బుతో మాత్రం వద్దు.

వాడికి నచ్చలేదు. "నువ్వు పాతకాలం బాబాయ్, వాళ్లు వేరే లెవెల్" అన్నాడు. సరే, ఈ ఆదివారం అమ్మవారి గుడి దగ్గర నలుగురం లెక్క పుస్తకాలతో కూర్చుందాం, ముందు నాది నేనే తెరుస్తా అన్నాను. ఇద్దరు వస్తామన్నారు. మూడో ఆయన అసలు పుస్తకమే లేదన్నాడు. మావాడు ఇంకా ఏమీ చెప్పలేదు.