తెర ఉన్నచోట ఉపాధ్యాయుడు కూడా ఉండాలి

బిడ్డల చదువును గురించి ఈ పత్రికలో వ్రాసినప్పుడల్లా "ఇది సంఘం పనియేనా?" అని అడిగే మిత్రులు కొందరున్నారు. జీతభత్యాలు, పని గంటలు, ఖాళీల భర్తీ, ఇవే సంఘం పట్టించుకోవలసిన విషయాలని వారి అభిప్రాయం. వారికి ఒక మనవి. ఈ వ్యాసం బిడ్డల చదువుతో మొదలైనా మన పని గంటల దగ్గరకే వచ్చి చేరుతుంది.

బిలాస్‌పూర్ మంగ్లాలో ఒక తెలుగు రైల్వే కుటుంబం ఇంట ఇటీవల ఒక సాయంకాలం గడపడం తటస్థించింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వలస వచ్చిన కుటుంబమది. మనుమరాలికి తొమ్మిదేళ్లు. బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చుకుంటున్నది. తెలుగు నేర్పే దిక్కు లేక తండ్రి ఆమె ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. అచ్చులు, హల్లులు తడుముకోకుండా అప్పజెప్పింది. తెర మీద నక్షత్రాలు రాలినవి. మేము మెచ్చుకున్నాము. కొంతసేపటికి ఆ పాప నానమ్మ దగ్గరకు వెళ్లి, "నానమ్మా, నా కల్లు మండుతున్నాయి" అన్నది. ఆ పెద్దావిడ పకపకా నవ్వి, "కల్లు మండదే తల్లీ, మండితే కళ్లు మండాలి. నాలుక వెనక్కు మడిచి అను" అని బిడ్డ గడ్డం పట్టుకుని పదిసార్లు అనిపించింది. నక్షత్రాలిచ్చిన యంత్రానికి ఆ తేడా తెలియలేదు. అక్షరమ్ముక్క రాని నానమ్మకు తెలిసింది.

ఇందువల్ల ఆ యాప్‌ను పారవేయమని మేము చెప్పడం లేదు. అది లేకపోతే ఆ పాపకు అక్షరాలు కూడా వచ్చి ఉండేవి కావు. నానమ్మ వ్రాయడం నేర్పలేదు, యంత్రం పలకడం దిద్దలేదు, ఇద్దరూ అవసరమైనారు.

ఈ పాఠం మన దేశానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేశారు. 'సైట్' అని పిలువబడిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చినవి. నాటి మధ్యప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాలలో బిలాస్‌పూర్ ఒకటి. కరెంటు సరిగా లేని పల్లెలలో ఉదయం పూట బడిపిల్లలు టీవీ ముందు కూర్చుని పాఠం చూడటం ఆనాటికి వింతలలో వింత. అయితే ఆ ప్రయోగం నిర్వహించినవారు ఒక వివేకం చూపారు. విజ్ఞానశాస్త్ర బోధనలో వేలాది ప్రాథమికోపాధ్యాయులకు ఇచ్చిన పన్నెండు రోజుల శిక్షణను తెరకే వదిలివేయలేదు. టెలివిజన్‌తో పాటు రేడియో, అచ్చు పుస్తకాలు, స్వయంగా చేసి చూసే ప్రయోగాలు, వాటిని దగ్గరుండి నడిపే ఉపాధ్యాయులు, అన్నీ కలిపి ఏర్పాటు చేశారు. ఏడాది గడవగానే ఉపగ్రహం మరలిపోయింది. బడిలో మిగిలినది ఆ పంతులుగారే.

ఆ తరువాత నలభై అయిదేళ్లకు కరోనా వచ్చి బడులు మూసివేసింది. 2020 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' పేరిట ఇంటి వద్దకే ఆన్‌లైన్ పాఠాలను ప్రారంభించింది. సంకల్పం మంచిదే. కాని అందరి ఇళ్లలో ఫోన్లు ఏవి? ఆ సెప్టెంబరులో గ్రామీణ కుటుంబాలపై జరిగిన 'అసర్' సర్వే ప్రకారం దేశంలో బడిలో చేరిన పిల్లలలో 61.8 శాతం మంది ఇళ్లలోనే స్మార్ట్‌ఫోన్ ఉన్నది. అంతకు ముందు వారంలో బడి నుండి ఏదో ఒక పాఠ్యసామగ్రి అందినది సుమారు మూడోవంతు పిల్లలకే. అప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉపాధ్యాయులు వాడలకు తరలివెళ్లారు. చెట్ల కింద, అరుగుల మీద పాఠాలు చెప్పారు. బస్తర్ పల్లెలలో మైకులు కట్టి వినిపించారు. తెర చేరలేని చోటికి మనిషి నడిచి వెళ్లాడు. దీనిని ప్రభుత్వమే ఒక పథకంగా గుర్తించి 'పఢయీ తుంహర్ పారా' అని పేరు పెట్టవలసి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ, వారి ఉపాధ్యాయులకూ ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులోని పాఠాలు ఒక ప్రైవేటు సంస్థవి. 2024లో ఆ సంస్థ దివాలా విచారణకు లోనైంది. కంపెనీ నష్టపోయినా ఉపాధ్యాయుడు మరునాడు బడికి వస్తాడన్న సంగతిని లెక్కలు వేసేవారు గుర్తుంచుకోవాలి.

ఇక మన సంగతి. గ్రామీణ డాక్ సేవకులు, తపాలా ఉద్యోగుల శిక్షణకై 2022 జూన్ 28న 'డాక్ కర్మయోగి' పోర్టల్ ప్రారంభమైంది. వారందరూ కలిసి సుమారు నాలుగు లక్షల మందికి అది ఉద్దేశింపబడినది. రైల్వే సోదరులకు 'ఐగాట్' పాఠాలు ఉండనే ఉన్నవి. మారుమూల బ్రాంచి పోస్టాఫీసులో ఉన్నవానికి శిక్షణ కేంద్రం దాకా ప్రయాణం తప్పినందుకు మేము సంతోషించాము, ఇప్పటికీ సంతోషిస్తున్నాము. కాని ఒక సోదరుడు మాతో అన్న మాట వినండి: "రాత్రి అన్నం తిన్నాక పాఠం తిప్పేశానండి, మీట నొక్కితే సర్టిఫికెట్ వచ్చేసింది. తెల్లారి కౌంటర్ దగ్గర ఖాతాదారు ప్రశ్న వేస్తే పక్క సీటాయన్నే అడిగాను." ఆ రాత్రి రెండు గంటలు ఎవరి గంటలు? ఆ పక్క సీటాయన పదవీ విరమణ చేసి, సీటు ఖాళీగా ఉంచితే ఎవరినడగాలి?

వదులైన కీ సుత్తి దెబ్బకు ఏ ధ్వని చేస్తుందో కొత్త కీమాన్ ఏ వీడియోలోనూ పూర్తిగా నేర్వలేడు. పెద్దవాని వెంట పట్టాల మీద మైళ్లు నడిస్తేనే చెవికి పట్టుబడుతుంది. టోకెన్ యంత్రం ఎంత గొప్పదైనా రెండు స్టేషన్లలోనూ మనుషులు సహకరించనిదే టోకెన్ బయటకు రాదు. ఇది మన వృత్తిలో పుట్టిన జ్ఞానం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. 1980 దశకంలో కంప్యూటర్లు వచ్చినప్పుడు మన ఉద్యమంలో ఒక భాగం యంత్రాన్నే శత్రువుగా చూసింది. 1986లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయాణీకునికీ, బుకింగ్ గుమాస్తాకూ మేలే చేసింది. కనుక ఈసారి మా అభ్యంతరం యంత్రం మీద కాదు, యంత్రం కొన్నామని చెప్పి మనిషి పోస్టును రద్దు చేసే లెక్క మీద. రైల్వే పాఠశాలలలో స్మార్ట్ బోర్డు తగిలించిన గదిలో మంజూరైన ఉపాధ్యాయుని పోస్టు భర్తీ కావాలి. ఆన్‌లైన్ శిక్షణ డ్యూటీ సమయంలోనే జరగాలి. దాని చివర సందేహాలు తీర్చే అనుభవజ్ఞుడు ఎదురుగా ఉండాలి, ఆయన సమయాన్నీ పనిగా లెక్కించాలి.

శాఖా కార్యదర్శులు తమ పరిధిలోని రైల్వే పాఠశాలలలో ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టుల సంఖ్యనూ, గత ఏడాది సభ్యులు డ్యూటీ వెలుపల ఆన్‌లైన్ శిక్షణకు వెచ్చించిన గంటల సంఖ్యనూ వేర్వేరు కాగితాలపై వ్రాసి, రాబోయే కార్యవర్గ సమావేశానికి ముందుగా కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము. అంచనాలు వద్దు. పేరు పేరునా అడిగి వ్రాయండి.