మిక్సీ కింది ఎర్ర బటన్ తెలిసిన మనకు ఇదెంత?

కొబ్బరి పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ ఠక్కున ఆగిపోతే మనలో ఎవరమూ కంగారుపడం. స్విచ్ ఆపేస్తాం, జార్ తీసి పక్కన పెడతాం, మిక్సీని తిరగేసి అడుగున ఉన్న చిన్న ఎర్ర బటన్ నొక్కుతాం. కాస్త చల్లారనిచ్చి మళ్లీ వేస్తే తిరుగుతుంది. మోటార్ మీద భారం ఎక్కువైతే కాలిపోకుండా అదే ఆగిపోతుందని, మళ్లీ నడవాలంటే ఆ బటన్ నొక్కాలని మనకు ఏ ఇంజినీరూ చెప్పలేదు. అమ్మో, అత్తగారో, పక్కింటావిడో చెప్పి ఉంటారు. కుక్కర్ విజిల్ రాకపోతే గాస్కెట్ చూడటం, గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి కిటికీలు తీయడం కూడా అంతే.

అదే లాప్‌టాప్ నల్లగా తెర వేసుకుని కూర్చుంటే మాత్రం చేతులు కట్టేసుకుంటాం. "ఆయన వచ్చాక చూస్తారు", "పిల్లాడు వచ్చాక అడుగుదాం" అంటాం. వాళ్లు వచ్చేలోపు మనమే దాన్ని సంచిలో పెట్టుకుని దుకాణానికి వెళితే, అక్కడ ఏం చెబితే దానికి తలూపి వస్తాం. దీనికి కారణం మన తెలివి తక్కువ కావడం కాదు. ఆ వస్తువు మీది కాదని మనకు ఎవరూ నోటితో చెప్పకుండానే చెప్పేశారు, అంతే. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు మంచిచెడ్డలూ మనమే చూసుకుంటున్నప్పుడు దీన్ని ఒక్కదాన్ని ఎందుకు వదిలేయాలన్నదే నా ప్రశ్న.

మా తోడికోడలి సంగతి చెబితే ఇది ఎంత దూరం పోతుందో మీకే తెలుస్తుంది. ఒక మధ్యాహ్నం వాళ్ల లాప్‌టాప్ ఆన్ కాలేదు. ఛార్జర్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. మరిది క్యాంపులో ఉన్నాడు. తనే దుకాణానికి పట్టుకెళ్లింది. ఆ కుర్రాడు పది నిమిషాలు చూసి, "మేడమ్, విండోస్ పోయింది, ఫార్మాట్ చెయ్యాలి" అన్నాడు. ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టడమని తనకు తెలియదు, అతనూ చెప్పలేదు. సాయంత్రానికి లాప్‌టాప్ కొత్తదానిలా వెలిగింది. పాప పుట్టినప్పటి నుంచి మూడేళ్లు నిండేదాకా తీసిన వీడియోలు మాత్రం లేవు. "అక్కా, దాని మొదటి అడుగులు అందులోనే ఉన్నాయి" అని ఫోన్‌లో ఏడ్చింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. నిజంగా విండోసే పోయిందో, ఒక బటన్ గట్టిగా నొక్కితే సరిపోయేదో ఇక తెలుసుకునే వీల్లేదు.

ఆ రోజు నుంచి నేను ఊరుకోలేదు. మా లాప్‌టాప్ డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకం తీసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. తెలుగు బీయే చదివినదాన్ని, ప్రబంధాలకు ప్రతిపదార్థం రాసినదాన్ని, ఆ నాలుగు పేజీల ఇంగ్లీషు ఎంత! అర్థమైనదంతా పాలూ కూరగాయల పద్దులు రాసుకునే డైరీ వెనక పేజీలో తెలుగులో రాసిపెట్టుకున్నాను. అది ఒకసారి అక్కరకొచ్చింది కూడా. అమ్మాయి కాలేజీ ప్రవేశానికి సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పెట్టుకున్న ముందు రాత్రి మా లాప్‌టాప్ మూగబోయింది. డైరీ తీసి, వరసగా చేసుకుంటూ వెళ్లాను. దుకాణం మెట్లు ఎక్కే పని పడలేదు.

ముందు అసలు విషయం చెప్పుకుందాం. పాత లాప్‌టాప్‌లు గుర్తున్నాయా? అడుగున రెండు గొళ్లాలు జరిపితే బ్యాటరీ ఊడి చేతికొచ్చేది. మొరాయిస్తే బ్యాటరీ తీసి, కాసేపాగి పెడితే చాలాసార్లు దారికొచ్చేది. 2008లో ఆపిల్ వాళ్ల మాక్‌బుక్ ఎయిర్ బ్యాటరీని లోపలే పెట్టి మూసేసి వచ్చింది. ఆ తర్వాత మెల్లగా అన్ని కంపెనీలూ అదే బాట పట్టాయి. మూత, గొళ్లాలు లేకపోతే యంత్రం పలచగా ఉంటుంది, ఉన్న చోటులోనే పెద్ద బ్యాటరీ పడుతుంది. ఆ లాభం నిజమే, కాదనను. కానీ ఆ మూతతోపాటు మన చేతిలో ఉన్న తేలికైన వైద్యం కూడా మూసేశారు. దాని బదులు ఏం చెయ్యాలో పుస్తకంలో ఎక్కడో ఒక మూల రాసి ఊరుకున్నారు.

ఆ బదులు వైద్యం పవర్ బటన్‌లోనే ఉంది. లాప్‌టాప్‌లో విండోస్ కాకుండా ఇంకో చిన్న చిప్ ఉంటుంది. ఛార్జింగ్, ఫ్యాన్, కీబోర్డు, పవర్ బటన్ మాట వినడం దాని పని. మనం లాప్‌టాప్ ఆపేసినా బ్యాటరీ లోపలే ఉంటుంది కాబట్టి ఆ చిప్ మేలుకునే ఉంటుంది. ఎప్పుడైనా అది బిగుసుకుపోతే మనం బటన్ ఎన్నిసార్లు తట్టినా వినిపించుకోదు. బటన్‌ను వదలకుండా చాలాసేపు నొక్కి పట్టుకుంటే అది మొదటికొస్తుంది. మిక్సీ కింది ఎర్ర బటన్ లాంటిదే ఇదీ.

ఇక నా డైరీ పేజీ.

మొదట నాడి చూడాలి. ఛార్జర్ పెడితే పక్కన చిన్న దీపం వెలుగుతోందా? చెవి దగ్గర పెడితే ఫ్యాన్ సవ్వడి ఉందా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్రాణం ఉన్నట్టే, పలకనిది తెర మాత్రమే కావచ్చు. అప్పుడు విండోస్ గుర్తున్న కీ, కంట్రోల్, షిఫ్ట్, బి, ఈ నాలుగూ కలిపి ఒకసారి నొక్కితే తెరను నడిపే భాగం మళ్లీ మొదలవుతుంది. తెర వెలుతురు పూర్తిగా తగ్గిపోయి ఉందేమో కూడా చూడాలి. గదిలో దీపం ఆపి, సెల్‌ఫోన్ టార్చి తెర మీదకు ఏటవాలుగా వేస్తే లోపల బొమ్మ మసకగా కనిపిస్తుందనుకోండి, పోయింది తెర వెనక వెలుగు మాత్రమే. అప్పుడు ఎవరైనా మదర్‌బోర్డు మార్చాలంటే వెంటనే నమ్మనక్కర్లేదు.

రెండోది కరెంటు. ఆ ప్లగ్‌లో సెల్ ఛార్జర్ పెట్టి చూడండి, ఎక్కుతోందా? తర్వాత ఛార్జర్ లాప్‌టాప్‌దేనా? ఇప్పుడు ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ ఒకే రకం టైప్ సి పిన్ను వస్తోంది. పిన్ను ఒకటే అయినా శక్తి ఒకటి కాదు. చాలా లాప్‌టాప్‌లకు 45 లేదా 65 వాట్లు కావాలి. ఛార్జర్ మీద సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వాట్లు రాయకపోతే వోల్టులనూ ఆంపియర్లనూ గుణించండి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అయితే 65 వాట్లు. ఫోన్ ఛార్జర్ పెట్టి, "ఛార్జింగ్ ఎక్కట్లేదు, బ్యాటరీ పోయింది" అనుకునే ఇళ్లు చాలా ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా అడుగంటిపోతే సరైన ఛార్జర్ పెట్టినా వెంటనే పలకదు. అరగంట, గంట అలా వదిలేసి ఆ తర్వాతే బటన్ నొక్కాలి.

మూడోది అసలు మందు. ఛార్జర్ పీకేయాలి. మౌస్, పెన్‌డ్రైవ్, ప్రింటర్ వైరు, ఏది తగిలించి ఉన్నా తీసేయాలి. పవర్ బటన్ నొక్కి, వదలకుండా 30 లెక్కపెట్టాలి. కొన్ని కంపెనీల వాటికి 10, 15 సెకన్లు చాలు, కానీ 30 దాకా పట్టుకుంటే చాలావాటికి సరిపోతుంది. మధ్యలో దీపం వెలిగినా ఆరినా వేలు తీయకూడదు. తర్వాత ఒక నిమిషం ఆగి, ఛార్జర్ పెట్టి, మామూలుగా ఒక్కసారి నొక్కాలి. కొన్ని మోడళ్లకు అడుగున గుండుసూది పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. దాని పక్కన రీసెట్ గుర్తు ఉంటే, ఛార్జర్ తీసేసి, కాగితాల క్లిప్పు సాగదీసి దాంతో లోపలి బటన్ మెల్లగా నొక్కాలి. మైకు రంధ్రం కూడా అలాగే ఉంటుంది కాబట్టి పుస్తకంలో బొమ్మ చూసుకుని నొక్కడం మంచిది.

ఇలా చేస్తే ఫైళ్లు పోతాయా అని భయపడేవాళ్లకు ఒక మాట. దాచుకున్న ఫైళ్లకు ఏమీ కాదు. ఆ క్షణంలో సేవ్ చేయకుండా తెరిచి ఉంచిన పని మాత్రం పోవచ్చు.

నేను మూడో మెట్టు దగ్గరే ఆగాను. 30 లెక్కపెట్టి, నిమిషం ఆగి, మళ్లీ నొక్కితే తెర మీద కంపెనీ పేరు వెలిగింది. అమ్మాయి నా భుజం మీద తల వాల్చి, "అమ్మా, నువ్వు చేశావా!" అంది. ఆ ఆశ్చర్యమే నాకు కాస్త చివుక్కుమంది. మిక్సీ బాగు చేస్తే అది ఎప్పుడూ ఆశ్చర్యపోలేదు మరి.

మనం వేలు పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. లాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగ్ అసలే పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే మంట మామూలుగా ఉండదు. కాఫీ, నీళ్లు ఒలికినా, కాలిన వాసన వచ్చినా ఆపేసి నిపుణులకు ఇవ్వాల్సిందే. నేను స్క్రూడ్రైవర్ పట్టమనడం లేదు. బయటి నుంచి చేయగలిగినంత చేసి, అప్పుడు వెళ్లమంటున్నాను.

"ఎవరి పని వాళ్లు చేయాలి, అన్నీ మనకెందుకు" అని మావారు అన్నారు. నిజమే, ఇంటి పనుల్లో ఇంకో పని చేర్చుకోవాలని ఏ ఆడదానికీ ఉండదు. కానీ మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉండేది మనం. దుకాణంలో ఒంటరిగా నిలబడేది మనం. ఏమీ తెలియకుండా నిలబడితే ఖర్చయ్యేది డబ్బు ఒక్కటే కాదు. మన పెళ్లి ఫోటోలు, పిల్లల వీడియోలు, బ్యాంకు కాగితాలు, పాస్‌వర్డులు అన్నీ ముక్కూ మొహం తెలియని చేతుల్లో పెడుతున్నాం. అందరూ మోసగాళ్లని అనను. మన ఎదుటే మూత తీసి, ఫలానాది పోయిందని చూపించే మంచి మెకానిక్‌లు ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టాలన్నా మనకు నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి.

కాబట్టి దుకాణంలో మూడు మాటలు ముందే అనండి. "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు." "ముందు ఫైళ్లు వేరే దాంట్లోకి తీసివ్వగలరా?" "ఏ భాగం మారిస్తే ఆ పాత భాగం నాకు ఇచ్చేయండి." లాప్‌టాప్ ఆన్ కాకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. ఫైళ్లు ఉండే డిస్కు బాగానే ఉండి, మిగతా యంత్రం పడుకోవచ్చు. విండోస్ బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే మదర్‌బోర్డు మార్చాక 48 అంకెల సంఖ్య అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. బాగున్నప్పుడే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇందులో ప్రభుత్వాల పని కూడా ఉంది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ మొదలుపెట్టింది. కొన్న వస్తువును ఎక్కడ, ఎలా బాగు చేయించుకోవాలో కొనేవాళ్లకు తెలియాలన్నది దాని ఉద్దేశం. అన్యాయం జరిగిందనిపిస్తే ఫోన్ చేయడానికి 1915 నంబరు ఉంది. ఐరోపా యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న ఉపకరణాల్లో బ్యాటరీని, కొన్ని మినహాయింపులతో, కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా తయారు చేయాలని నిబంధన పెట్టింది. ఆ గొళ్లాలు మన లాప్‌టాప్‌లకూ తిరిగి రావాలని అడిగే హక్కు మనకూ ఉంది. డబ్బు పోసి కొన్నది మనమే కదా.

అవి వచ్చేదాకా మన జాగ్రత్త మనది. ఈ వారమే ఒక పని చేయండి. లాప్‌టాప్ బాగున్నప్పుడే ఫోటోలు, కాగితాలు ఒక బయటి డిస్కులోకి ఎక్కించండి. ఛార్జర్ మీద ఎన్ని వాట్లో చూసి రాయండి. పైన చెప్పిన మూడు మెట్లూ మీ మోడల్ పుస్తకంతో సరిచూసుకుని, పద్దుల పుస్తకంలోనో క్యాలెండర్ వెనకనో రాసి పెట్టండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే తన చేతే రాయించండి. రేపు తన ఇంట్లో, తన లాప్‌టాప్ మూగబోయిన రోజున, ఎవరో వచ్చేదాకా ఎదురుచూడకుండా తనే 30 లెక్కపెట్టుకుంటుంది.