అమ్మ ఏం చూసింది?

సెలవులొచ్చాయంటే ‘పిల్లలకు నాలుగూళ్ళు చూపించాలి’ అనుకోని ఇల్లుండదు. ముందు రోజు రాత్రే పులిహోర, పాలసీసా, రెండు జతల బట్టలు, జ్వరం మందు... అన్నీ సంచిలోకి చేరతాయి. ఆ సంచి ఎవరి భుజానికి చేరుతుందో చెప్పక్కర్లేదు కదా! తిరిగొచ్చాక పక్కింటావిడ ‘ఏమేం చూశారు?’ అని అడిగితే మాత్రం ఒక్క క్షణం తడుముకుంటాం.

మా తోడికోడలు (మావైపు యారాలు అంటాం) నాలుగేళ్ళుగా షాంఘైలో ఉంటోంది. మరిది ఉద్యోగం అక్కడ. అయిదేళ్ళ బాబు, రెండేళ్ళ పాప. చైనా వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులకు నారాయణఖేడ్ వచ్చినప్పుడు, అక్కడ తిరిగిన ఊళ్ళ ఫోటోలు చూపించింది. ‘చైనా గోడ ఎట్లుంది?’ అని ఆశగా అడిగాను.

‘ఏమో అక్కా, గోడ ఎక్కిన గానీ గోడను చూడలే. పాపకు నిద్రొచ్చింది. భుజాన ఏసుకొని ఒక మూలకు కూసున్న. మీ మరిదీ బాబూ పోయి చూసొచ్చిండ్రు’ అంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

బీజింగ్‌లో 1420లో కట్టడం పూర్తయిన రాజప్రాసాదం ఉంది. దక్షిణం గుమ్మంలో లోపలికెళ్తే ఉత్తరం వైపో తూర్పు వైపో బయటపడాలి. దాదాపు కిలోమీటరు పొడవు. నడుమ పిల్లాడు ‘ఇంటికి పోదాం’ అని మొండికేస్తే వచ్చిన దారిన వెనక్కి రావడానికి లేదు. గడప వచ్చిన ప్రతిచోటా పిల్లల బండిని ఎత్తడం, దించడం. ఆవిడకు గుర్తున్నవి ఆ గడపలే! షియాన్‌లో 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిన మట్టి సైనికుల్ని చూడ్డానికి లోకమంతా వెళ్తుంది. ఆ జనంలో బాబుకు కనిపించినవి పెద్దవాళ్ళ కాళ్ళు. మరి వాడికి చైనాలో ఏం నచ్చింది? పార్కులో ఒక తాత పెద్ద కుంచెను నీళ్ళలో ముంచి బండలమీద అక్షరాలు రాస్తుంటే, ఎండకు అవి ఆరిపోవడం. అరగంట కదల్లేదట. దానికి టికెట్టు కూడా లేదు.

ఇందులో మన తప్పూ ఉంది. ఇంత దూరం వచ్చాం, ఇంత డబ్బు పెట్టాం, అన్నీ చూసెయ్యాలి అని పిల్లల్ని ఈడుస్తాం. పసివాళ్ళకు రోజుకు ఒక్క చోటు చాలు. మనకూ అంతే. కానీ తప్పంతా మనదే అంటే ఒప్పుకోను.

అక్కడి సంగతి ఒకటి మాత్రం నాకు అసూయ పుట్టించింది. పెద్ద రైల్వేస్టేషన్లలో తల్లులు పాలివ్వడానికి గది, పాలు కలుపుకోవడానికి వేడినీళ్ళు ఉంటాయట. పర్యాటక స్థలాల్లో మరుగుదొడ్లు బాగుచెయ్యడానికి 2015లో అక్కడి ప్రభుత్వం ఒక పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. దాని పేరే ‘మరుగుదొడ్ల విప్లవం’. నవ్వకండి. ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా ప్రయాణం చేసిన ఆడదానికి ఆ పేరులో నవ్వేమీ కనిపించదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. ఎన్నడూ గడప దాటని అత్తమ్మలు కూడా మనవల్ని చంకనేసుకొని ఝరాసంగం, ఏడుపాయలు వెళ్ళొస్తున్నారు. చాలా సంతోషం. అయితే బస్సు దిగాక? ఆమధ్య నేను వెళ్ళిన ఒక చోట (పేరెందుకు లెండి) మరుగుదొడ్డికి తాళం. తాళం చెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడు. నాతోపాటు ఒక పచ్చి బాలింత, చెట్టు చాటున చీర అడ్డం పట్టుకొని బిడ్డకు పాలిస్తోంది. బస్సు ఉచితంగా ఇచ్చిన ప్రభుత్వానికి, జనం వచ్చే ప్రతిచోటా తలుపున్న ఒక గది, తాగే నీళ్ళు, కూర్చోవడానికి నీడ ఏర్పాటు చెయ్యడం అంత కష్టమా? అడగాల్సింది మనమే. మగవాళ్ళకు ఈ లోటు తెలియనే తెలియదు.

యారాలు తిరిగి వెళ్ళేముందు అందరం బీదర్ వెళ్ళాం. సరిహద్దు దాటితే వచ్చేస్తుంది. ఈసారి ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒకరు పిల్లల దగ్గర, ఒకరు చూడ్డానికి. మహమూద్ గవాన్ మదర్సా దగ్గర నేను పిల్లల్ని పెట్టుకొని కూర్చున్నాను. 1472 నాటి కట్టడం అది. సంచి లేకుండా, పాప లేకుండా, చేతులూపుకుంటూ ఆమె లోపలికి వెళ్ళింది. ముప్పావుగంటకు వచ్చి, మిగిలిన ఆ ఒక్క మినారు గురించి, దానిమీది నీలం పెంకుల గురించి బస్టాండు దాకా చెబుతూనే ఉంది. పిల్లలు మాత్రం దారిలో కొన్న రేగ్గాయల గింజలు ఎవరివి ఎక్కువో లెక్కపెట్టుకున్నారు.

కోట దగ్గర నా వంతు. కానీ పాపకు విరేచనాలు పట్టుకొని, కోట చూడకుండానే ఇంటికొచ్చేశాం. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. ఆ ఆదివారం పిల్లలు వాళ్ళ నాన్న దగ్గర ఉంటారు. ఆయనకు చెప్పేశాను కూడా. సరిహద్దు దాకా టికెట్టు లేదు, అక్కణ్ణుంచి నా డబ్బులే.