నాలుకను మోసం చేయొచ్చు.. పేగును కాదు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు అక్కడ పంచదారవి, బెల్లంవి మాత్రమే కాదు, ‘షుగర్ ఫ్రీ’వి కూడా అమ్ముతున్నారు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసమే వాటిని ఎక్కువగా కొంటారు. రంజాన్‌లో ఇఫ్తార్ షర్బత్‌కీ ఇదే లెక్క. అబ్బాజాన్ గ్లాసులో పంచదార బదులు స్వీటెనర్ మాత్ర వేస్తే సరిపోతుంది అనుకుంటారు.

అంత తేలిగ్గా సరిపోదు. తీపిని పసిగట్టేది నాలుక ఒక్కటే కాదు మరి.

నాలుక మీద తీపిని గుర్తించే రిసెప్టార్‌ను సైంటిస్టులు 2001లో కనిపెట్టారు. పంచదార తగిలినా, శాకరిన్ తగిలినా అది తీపి అనే మెదడుకు చెబుతుంది. షుగర్ ఫ్రీ వ్యాపారమంతా దీని మీదే నడుస్తోంది. ఆ తర్వాత అదే రిసెప్టార్ పేగు కణాల్లోనూ దొరికింది. ఎలుకల మెదడులో ఆకలిని చూసుకునే హైపోథాలమస్‌లోనూ కనిపించింది. అక్కడ రుచి తెలియదు గానీ, ఒంట్లోకి తీపి వచ్చిందన్న కబురు అందుతుంది.

అసలు విషయం 2020లో కొలంబియా యూనివర్సిటీలో చార్లెస్ జుకర్ బృందం చేసిన ప్రయోగంలో తేలింది. ఎలుకల ముందు రెండు సీసాలు పెట్టారు. ఒకదాంట్లో చక్కెర నీళ్లు, రెండోదాంట్లో స్వీటెనర్ నీళ్లు. మొదట్లో రెండూ తాగాయి. రెండు రోజులు తిరిగేసరికి చక్కెర సీసాకే అతుక్కుపోయాయి. తీపి రుచే తెలియకుండా పుట్టించిన ఎలుకలు కూడా అదే పని చేశాయి! పేగులో గ్లూకోజ్‌ను గుర్తించే వేరే ఏర్పాటు ఉంది. అది వేగస్ నరం ద్వారా నేరుగా మెదడుకు కబురు పంపుతుంది. స్వీటెనర్‌కి ఆ నరం పలకదు. షుగర్ ఫ్రీ తాగాక కూడా జిలేబీ వైపు చెయ్యి పోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఎలుకల్లో తేలిందంతా మనుషులకి అచ్చంగా వర్తిస్తుందని మాత్రం చెప్పలేం.

గోదావరి జనానికి ఇది దూరపు ముచ్చట కాదు. ఈ ప్రాంతంలోని 20 పల్లెల్లో జరిపిన సర్వే 2006లో అచ్చయింది. 30 ఏళ్లు దాటినవారిలో దాదాపు 13 శాతం మందికి షుగర్ ఉందని అందులో తేలింది. పట్నం జబ్బు అనుకున్నది అప్పటికే వరిచేల మధ్యకి వచ్చేసింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది.

బెల్లమైతే ఫర్వాలేదు అనే మాట కూడా ఇక్కడ గట్టిగా వినిపిస్తుంది. బెల్లంలో ఉన్నదీ ఎక్కువ భాగం అదే చక్కెర. ఖజూర్‌లోనూ చక్కెర ఉంది, కాకపోతే పీచుతో కలిసి వస్తుంది. రెండు ఖజూర్లకీ, నాలుగు గ్లాసుల షర్బత్‌కీ తేడా ఉంది.

బరువు తగ్గడానికి స్వీటెనర్లను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ఇప్పటికే షుగర్ ఉన్నవారికి ఈ సూచన వర్తించదని కూడా అందులోనే ఉంది. కాబట్టి అబ్బాజాన్ గ్లాసులో మాత్ర తీసేసి పంచదార వేయమని ఎవరూ అనడం లేదు. ఆయన మందుల వేళలు రంజాన్‌కి ముందే డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. సూచన వర్తించేది ఆయన పక్కన కూర్చుని, షుగర్ లేకపోయినా సన్నబడదామని డైట్ కూల్‌డ్రింక్ తాగే కొడుక్కి. ఆ ఇంట్లో తగ్గాల్సింది దస్తర్‌ఖాన్ మీద మొత్తం తీపి. అది అబ్బాజాన్ గ్లాసుతో మొదలై అక్కడే ఆగిపోతోంది.