సీసా మీద 1500 పీపీఎం అని ఉంటే, దేని పీపీఎం అని అడగండి

అన్నలూ, తమ్ముళ్లూ, మిరప తోటల్లో మళ్లీ తామర పురుగు కనబడే రోజులొస్తున్నాయి. కొట్టుకి పోతే వేప మందు సీసా ఒకటి చేతిలో పెడతారు. 300 పీపీఎం, 1500 పీపీఎం, 10000 పీపీఎం అని పెద్దక్షరాలతో రాసుంటది. అంకె పెద్దదైతే ఘాటు ఎక్కువనుకుని తెచ్చుకుంటాం. దేని పీపీఎం అని అడిగేవాళ్లు మనలో తక్కువ. ఈ ఒక్క ప్రశ్న గట్టిగా అడగడం మొదలుపెడితే "బయో" పేరు చెప్పి మనకి అంటగడుతున్న సరుకు చాలావరకు కొట్లోనే ఉండిపోద్దని నా నమ్మకం. కాస్త పొడుగ్గా రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

ఆ అంకె అజాడిరక్టిన్ అనే పదార్థానిది. వేప గింజలో పురుగు మీద పని చేసే ముఖ్యమైన సరుకు అదే. 10000 పీపీఎం అంటే నూటికి ఒక పాలు. 1500 పీపీఎం అంటే లీటరు సీసాలో సుమారు గ్రామున్నర. మిగతాది నూనె, దాన్ని నీళ్లలో కలిపే సరుకు. మనం వందలు పోసి కొనేది ఆ గ్రామున్నర కోసమే.

మరి గింజలో ఉన్న వందల పదార్థాల్లో ఇదీ అని ఎట్లా పట్టుకున్నారు? 1959లో సూడాన్‌లో మిడతల దండు పడి పచ్చనిదల్లా మేసేసింది. వేపచెట్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అక్కడున్న ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త అది గమనించాడు. 1962లో మన ఢిల్లీలో ప్రధాన్ అనే శాస్త్రవేత్త వేప పప్పు కలిపిన నీళ్లు పైరు మీద కొట్టి, మిడతలు దాన్ని ముట్టవని చూపించాడు. వేప సంగతి మన పెద్దోళ్లకి తెలీదా అంటారు మీరు. తెలుసు, ధాన్యం గాదెల్లో ఆకు వేసింది వాళ్లే. కానీ ఏ పదార్థమో తెలిస్తేనే అది ఎంతుందో కొలవగలం. 1968లో ఇంగ్లండ్‌లోని కీల్ యూనివర్సిటీలో బటర్‌వర్త్, మోర్గాన్ అనే ఇద్దరు గింజల రసాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగాన్నీ మిడతలకి పెట్టి, ఏది పెడితే మేత మానేస్తున్నాయో చూస్తూ పోయి అజాడిరక్టిన్‌ని విడిగా తీశారు.

అక్కడితో సగం పనే అయింది. చేతిలో తెల్లటి పొడి ఉంది, దాని లోపలి కట్టుబడి తెలీదు. కంటికి కాదుగదా, మామూలు సూక్ష్మదర్శినికి కూడా అణువు కనబడదు. అందుకని దానికి కాంతి చూపించి, అయస్కాంతంలో పెట్టి, ముక్కలు చేసి, అది ఇచ్చే జవాబుని బట్టి పోల్చుకుంటారు. దీన్నే స్పెక్ట్రోస్కోపీ అంటారు. పరారుణ కాంతి పంపితే అణువులో ఒక్కో రకం బంధం తనకి సరిపోయిన కాంతిని పీల్చుకుని ఊగుద్ది. కార్బన్, ఆక్సిజన్ జంట బంధం ఒకచోట, ఆక్సిజన్, హైడ్రోజన్ బంధం ఇంకోచోట గీత పడేస్తాయి. మాస్ యంత్రం అణువు బరువు తూస్తది, విరగ్గొట్టి ముక్కల బరువూ తూస్తది. అజాడిరక్టిన్ బరువు 720. అందులో 35 కార్బన్లు, 44 హైడ్రోజన్లు, 16 ఆక్సిజన్లు ఉన్నాయి.

అన్నిటికన్నా గొప్పది ఎన్.ఎం.ఆర్. గట్టి అయస్కాంతం మధ్యలో పెట్టి రేడియో తరంగాలు పంపితే ఒక్కో కార్బనూ, ఒక్కో హైడ్రోజనూ తన పక్కన ఎవరున్నారో దాన్ని బట్టి వేరే వేరే చోట పలుకుద్ది. సర్వే నంబరు చెప్పకుండా తూర్పున ఎవరి చేను, పడమర ఎవరి చేను అని హద్దులు చెప్తే మనం పొలం పోల్చుకుంటాం చూడండి, అట్లాంటిదే. ఆ హద్దులన్నీ కలుపుకుంటూ పోయి 1975లో నకనిషి అనే జపాన్ శాస్త్రవేత్త, అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో తన వాళ్లతో కలిసి ఒక బొమ్మ గీశాడు. పదేళ్లు అదే సరైందనుకున్నారు. 1985లో జర్మనీ క్రౌస్, ఇంగ్లండ్ లే బృందాలు ఎన్.ఎం.ఆర్‌తో, స్ఫటికం మీద ఎక్స్‌రేతో మళ్లీ చూసి కొన్ని అతుకులు తప్పని తేల్చి సరిచేశాయి. అదే లే బృందం 22 ఏళ్లు కష్టపడి 2007లో ఆ అణువుని ల్యాబ్‌లో కట్టింది. మన చెట్టు ఏటా ఊరికే కట్టి రాల్చేది వాళ్లకి ఇరవై రెండేళ్లు పట్టింది!

ఈ కథంతా మనకెందుకంటే, ఈ అణువు ఎట్లా పని చేస్తదో తెలిస్తే దొంగ సీసా చేలోనే దొరుకుద్ది. అజాడిరక్టిన్ పురుగుకి మేత మీద మొహం మొత్తిస్తది, కుబుసం విడిచే హార్మోన్‌ని పాడు చేస్తది. మేత తగ్గడం, పిల్ల పురుగు పెరగలేక చావడం, వీటన్నిటికీ రోజులు పడతాయి. ఎండ తగిలితే అది త్వరగా విరిగిపోద్ది, సాయంత్రం కొట్టమనేది అందుకే. అట్లాంటిది "వేప మందండీ, పూర్తిగా బయో" అని ఇచ్చిన సీసా కొట్టిన గంటలో పురుగు జలజల రాలిపోయిందంటే, అది వేప పని కాదు. లోపల లేబుల్ మీద రాయని పురుగుమందు ఇంకేదో ఉందని అనుమానించాలి.

"పని చేసింది, లోపల ఏదుంటే మనకేంటి" అనే అన్నలున్నారు. నల్ల తామర పురుగు మిరపని ఊడ్చేసిన 2021-22 సీజన్లో ఆ మాట అననోళ్లు లేరు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ మాట ఒప్పుకోను. పేరు తెలియని మందుకి ఎన్ని రోజులాగి కాయ కోయాలో తెలీదు. కొట్టిన కూలీ కళ్లు తిరిగి పడిపోతే డాక్టరుకి ఏం చెప్పాలో తెలీదు. మన కాయ యూరప్ పోతే అక్కడ హద్దు పెట్టని మందుకి మామూలుగా కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అది దాటిందని పట్టేది కూడా ఈ మాస్ యంత్రమే. అది రాసినదే చూసి ఊరుకోదు, రాయనిదాన్నీ బరువుని బట్టి పేరు పెట్టి పిలుస్తది. కొనేవాడి దగ్గర ఆ యంత్రం ఉంది. మనకి మందు అమ్మే చోట మాత్రం పరీక్ష చాలావరకు రాసిన మందు రాసినంత ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోతది. "బయో" అన్న ప్రతి సీసాకీ దాచిన మందు కోసం మాస్ పరీక్ష తప్పనిసరి చెయ్యాలని మన సంఘాలు అడగాలి. సబ్సిడీ కోసం చేసే ధర్నాల్లో ఈ మాట కూడా ఒకటి చేర్చండి.

ఈలోపు చేతిలో ఉన్న పనులు. లేబుల్ మీద పదార్థం పేరు, శాతం, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు లేని సీసా పురుగుమందుగా కొనొద్దు, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకోండి. అనుమానమొస్తే సీసా మొత్తం వాడకముందే మండల వ్యవసాయాధికారికి రాసివ్వండి, అదే బ్యాచ్ సీలు సీసాలు కొట్లో ఉన్నప్పుడే శాంపిల్ తీయగలరు. ఏదీ నమ్మలేం అనుకుంటే అయిదు కిలోల వేప పప్పు పొడి రాత్రి నానేసి, గుడ్డలో వడగట్టి, వంద లీటర్లు చేసుకుని, కొంచెం సబ్బు నీళ్లు కలిపి పొద్దు వాలాక కొట్టుకోండి. ఏడాది దాటిన గింజ మాత్రం వాడొద్దు, అందులో సరుకు పడిపోయి ఉంటది.