బ్రాకెట్ల లెక్క వచ్చా? ఆర్‌ఎన్‌ఏకీ అదే కావాలి!

తెరిచిన బ్రాకెట్లన్నీ సరిగ్గా మూసుకున్నాయో లేదో చూసే ప్రోగ్రామ్ రాయమని క్యాంపస్ ఇంటర్వ్యూల్లో అడుగుతుంటారు. స్టాక్ వాడి రాసేస్తారు, మర్చిపోతారు. ఆ లెక్కే ఆర్‌ఎన్‌ఏ పరిశోధనలో పనికొస్తుందని తెలుసా?

ఆర్‌ఎన్‌ఏ అంటే ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాల గొలుసు. అది తిన్నగా ఉండదు. ఎ-యు, జి-సి, ఒక్కోసారి జి-యు జతకట్టి తన మీద తనే మడత పడుతుంది. ఏది దేనితో జతకట్టిందో చెప్పే పటమే సెకండరీ స్ట్రక్చర్. దాన్ని రాయడం తేలికే. జతలో మొదటి అక్షరానికి తెరిచే బ్రాకెట్, రెండోదానికి మూసే బ్రాకెట్, జత లేనిదానికి చుక్క. అంతే!

అన్నిటికన్నా స్థిరమైన మడతను వెతకడానికి 1981లో జుకర్, స్టీగ్లర్ డైనమిక్ ప్రోగ్రామింగ్ పద్ధతి ఇచ్చారు. వియన్నా విశ్వవిద్యాలయం వాళ్ల ‘ఆర్‌ఎన్‌ఏఫోల్డ్’ది ఇప్పటికీ అదే దారి. ‘ఫోర్నా’, ‘వర్నా’ బొమ్మ గీసి చూపిస్తాయి. మూడూ చదువుకునేవాళ్లకు ఉచితమే.

‘ఏఐ వచ్చాక ఇవెందుకు?’ అంటారా? 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఆల్ఫాఫోల్డ్ సృష్టికర్తలకు దక్కింది. కానీ అది ప్రొటీన్ల విజయం. 2022 కాస్ప్ పోటీలో ఆర్‌ఎన్‌ఏ త్రీడీ ఆకారాల అంచనాలో డీప్ లెర్నింగ్ పద్ధతులు వెనకబడ్డాయి. నిపుణులు దగ్గరుండి నడిపించిన పాత పద్ధతులే ముందు నిలిచాయి. ప్రయోగాల్లో తేలిన ఆర్‌ఎన్‌ఏ ఆకారాలు ప్రొటీన్లతో పోలిస్తే చాలా తక్కువ. డేటా లేనిచోట ఏఐ ఏం నేర్చుకుంటుంది? అందుకే జీవశాస్త్రం, కోడింగ్ రెండూ తెలిసినవాళ్ల అవసరం తీరలేదు.

ఒక జాగ్రత్త. తెర మీద బొమ్మ అందంగా ఉన్నంత మాత్రాన అది నిజం కాదు, అంచనా మాత్రమే. ఒకదాన్నొకటి దాటే జతలను, అంటే సూడోనాట్లను, ఆర్‌ఎన్‌ఏఫోల్డ్ లెక్కలోకే తీసుకోదు. ఇంటర్వ్యూలో ఈ పరిమితి చెప్పగలిగితే టూల్ పేరు చెప్పినదానికన్నా ఎక్కువ విలువ.

నిజం చెప్పాలంటే, ఈ ఒక్క నైపుణ్యంతో ఉద్యోగం రాదు. ఖరీదైన సర్టిఫికెట్ కోర్సులకు పరిగెత్తకండి. 2020లో స్టాన్‌ఫర్డ్ ఎటెర్నా బృందం కాగుల్‌లో ‘ఓపెన్‌వ్యాక్సిన్’ పోటీ పెట్టింది. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ త్వరగా పాడవుతుందో అంచనా వేయడమే పని. అందులో శిక్షణకు ఇచ్చినవి 2,400 గొలుసులు, వాటి పక్కనే మన బ్రాకెట్లు! దాంతో చిన్న ప్రాజెక్టు చేసి గిట్‌హబ్‌లో పెట్టండి. మీరు సీఎస్‌ఈ అయితే బయోటెక్ స్నేహితుణ్ని, బయోటెక్ అయితే సీఎస్‌ఈ స్నేహితుణ్ని కలుపుకోండి. సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది.